ఓవర్‌క్లాకింగ్: అవుకు ఎండల్లో ప్రాసెసర్ స్పీడ్ పెంచుతున్నారా? బయాస్‌లోకి వెళ్లేముందు ఇది చదవండి

ఒక్క సెట్టింగ్ మారిస్తే చాలు, మీ పీసీ రాకెట్‌లా దూసుకెళ్తుందంటూ ఫోన్‌లో రోజూ ఏదో ఒక వీడియో కనిపిస్తూనే ఉంటుంది. చూసేవాళ్లకు చెయ్యి దురద పెట్టడం సహజం. అయితే ఆ వీడియోలు ఎక్కువగా ఏసీ గదుల్లో తీసినవి. అక్కడ గది వేడి 22 నుంచి 25 డిగ్రీలు. మన నంద్యాల జిల్లాలో మే నెల వస్తే బయట 45 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు. ఏసీ లేని గదిలో మధ్యాహ్నం 40 డిగ్రీలు ఉన్నా ఎవరూ ఆశ్చర్యపోరు. అక్కడ పనిచేసిన సెట్టింగ్ ఇక్కడ ఎందుకు పనిచేయదో, పనిచేయాలంటే ఏం చేయాలో చూద్దాం.

అవుకు లాంటి మండల కేంద్రంలో డెస్క్‌టాప్ ఉందంటే అది ఊరికే ఆటల కోసం కొన్నది అయి ఉండదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోకి అదే అన్నం పెట్టేది. ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో ప్రాజెక్టులన్నీ దాంట్లోనే. అది ఆగిపోతే ఒక చిన్న పార్ట్ కోసం కూడా బనగానపల్లెకో, నంద్యాలకో పరిగెత్తాలి. అందుకే ముందు రిస్క్ గురించి మాట్లాడుకుని, ఆ తర్వాతే స్పీడ్ దగ్గరికి వద్దాం.

అసలు ఓవర్‌క్లాకింగ్ అంటే ఏంటి?

ప్రాసెసర్ ఒక తాళానికి పనిచేస్తుంది. ఆ తాళం పేరే క్లాక్. బేస్ క్లాక్ మామూలుగా 100 మెగాహెర్ట్జ్ ఉంటుంది. దాన్ని ఒక గుణకంతో, అంటే మల్టిప్లయర్‌తో హెచ్చిస్తే అసలు స్పీడ్ వస్తుంది. మల్టిప్లయర్ 44 అయితే 4.4 గిగాహెర్ట్జ్, 46 అయితే 4.6 గిగాహెర్ట్జ్. కంపెనీ పెట్టిన లెక్క కంటే ఈ గుణకాన్ని పెంచడమే ఓవర్‌క్లాకింగ్.

ఇది కొత్త విద్య కూడా కాదు. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే చవక ప్రాసెసర్‌ను గుర్తుచేసుకుంటే పాత మెకానిక్‌లు ఇప్పటికీ నవ్వుకుంటారు. దానికి బస్ స్పీడ్ 66 మెగాహెర్ట్జ్. దాన్ని 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ కాస్తా 450కి ఎగిరేది. అంటే ఫ్రీగా 50 శాతం స్పీడ్. ఓవర్‌క్లాకింగ్‌కి అంత పేరు రావడానికి ఆ రోజులే కారణం.

ఇప్పుడు కథ మారింది. ఈ రోజుల్లో ప్రాసెసర్లు తమను తామే పెంచుకుంటున్నాయి. వేడి, కరెంటు, లోడ్ చూసుకుని బూస్ట్ అనే పేరుతో పై అంచు దాకా వెళ్లిపోతున్నాయి. కంపెనీ వాళ్లు మన కోసం మిగిల్చింది చాలా తక్కువ. యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ మాత్రం ఇంకా 1998లోనే ఉన్నాయి!

మరి 9 గిగాహెర్ట్జ్ రికార్డులంటూ వచ్చే వార్తల సంగతేంటి అంటారా? అవి నిజమే. 2024 మార్చిలో స్వీడన్‌కు చెందిన ఓవర్‌క్లాకర్ ఎల్మోర్ ఇంటెల్ కోర్ ఐ9-14900కేఎస్‌ను 9.1 గిగాహెర్ట్జ్ దాటించాడు. అయితే దాన్ని చల్లబరచడానికి వాడింది ద్రవ హీలియం. అది మరిగేదే మైనస్ 269 డిగ్రీల దగ్గర. మన గదికీ ఆ రికార్డుకూ సంబంధం లేదు.

స్పీడ్ 4 శాతం.. వేడి 23 శాతం

ఈ లెక్క ఒక్కటి అర్థమైతే సగం విషయం అర్థమైనట్టే. స్పీడ్ పెంచినప్పుడు చిప్ తడబడకుండా ఉండాలంటే వోల్టేజీ కూడా కాస్త పెంచాల్సి వస్తుంది. స్పీడ్ ఎంత పెరిగితే వేడి కూడా అంతే నిష్పత్తిలో పెరుగుతుంది. కానీ వోల్టేజీ విషయంలో అలా కాదు. దాని వర్గంతో వేడి పెరుగుతుంది.

ఉదాహరణకు చాలామంది దగ్గరున్న రైజెన్ 5 5600 తీసుకుందాం. మామూలుగా ఇది 76 వాట్ల దగ్గర ఆగుతుంది. స్పీడ్‌ను 4.4 నుంచి 4.6కి, వోల్టేజీని 1.20 నుంచి 1.30కి పెంచామనుకోండి. స్పీడ్ పెరిగింది నాలుగున్నర శాతం. వేడి పెరిగింది దాదాపు 23 శాతం. అంటే 76 వాట్లు కాస్తా 93 వాట్లు అవుతాయి.

ఇప్పుడు దీన్ని గది వేడితో కలపండి. హీట్‌సింక్ చేసే పని ప్రాసెసర్ వేడిని గది గాలిలోకి తోసేయడమే. గది కంటే చల్లగా అది ఎప్పటికీ చేయలేదు. 25 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 75 డిగ్రీలు చూపిస్తోందంటే, గది కంటే 50 డిగ్రీలు ఎక్కువ ఉందన్నమాట. అదే పీసీని 40 డిగ్రీల గదిలో పెడితే 90 దగ్గరికి చేరుతుంది. పైన చెప్పినట్టు వేడి 23 శాతం పెరిగితే ఆ తేడా 50 నుంచి 61 అవుతుంది. ఏసీ గదిలో 86 డిగ్రీలు, పర్వాలేదు. మన గదిలో 101. రైజెన్ చిప్‌లలో ఎక్కువ వాటికి గరిష్ఠ పరిమితి రకాన్ని బట్టి దాదాపు 90 నుంచి 95 డిగ్రీలు. ఇంటెల్‌లో ఎక్కువ వాటికి 100 డిగ్రీలు.

పరిమితి తగిలితే చిప్ కాలిపోతుందా? వెంటనే కాదు. అది తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. అంటే డిసెంబరులో 4.6కి పెంచిన పీసీ, మే మధ్యాహ్నం అసలు సెట్టింగ్ కంటే మెల్లగా నడవొచ్చు. స్పీడ్ కోసం చేసిన పని స్పీడే తగ్గిస్తుంది. పైగా కరెంటు బిల్లు అదనం.

మీ పీసీకి ఇది కుదురుతుందా?

ల్యాప్‌టాప్ వాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. చిన్న హీట్‌సింక్, ఇరుకు బాడీ ఉన్న దాంట్లో ఇలాంటి ప్రయోగాలు వద్దు.

డెస్క్‌టాప్‌లో ఇంటెల్ అయితే మోడల్ నంబర్ చివర కే, కేఎఫ్, కేఎస్ అని ఉండాలి. మదర్‌బోర్డు జెడ్ సిరీస్ అయి ఉండాలి. ఐ5-12400 లాంటి మామూలు చిప్‌లకు మల్టిప్లయర్ లాక్ చేసి ఉంటుంది. బీ సిరీస్ బోర్డుల్లో కే చిప్ పెట్టినా ప్రాసెసర్ మల్టిప్లయర్ పెంచనివ్వదు. ఏఎండీ రైజెన్‌లో దాదాపు అన్నీ అన్‌లాక్ చేసినవే. బోర్డు బీ లేదా ఎక్స్ సిరీస్ ఉండాలి. ఏ320, ఏ520 బోర్డులైతే కుదరదు. 5800ఎక్స్3డీ లాంటి కొన్ని చిప్‌లకు కూడా లాక్ ఉంది. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేస్తే మీ చిప్ పేరు, బోర్డు పేరు రెండూ కనిపిస్తాయి.

ఇంకో ముఖ్య విషయం వారంటీ. ఓవర్‌క్లాకింగ్ వల్ల జరిగిన నష్టానికి ఇంటెల్, ఏఎండీ రెండూ బాధ్యత తీసుకోవు. ఏఎండీ అయితే సొంత సాఫ్ట్‌వేర్ రైజెన్ మాస్టర్‌తో చేసినా సరే వారంటీ వర్తించదని స్పష్టంగానే చెబుతుంది.

ముందు దుమ్ము.. తర్వాతే స్పీడ్

అవుకు, కొలిమిగుండ్ల, బేతంచెర్ల, బనగానపల్లె.. ఈ వైపంతా నాపరాళ్ల ప్రాంతం. గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, రాళ్ల లారీలు. ఆ సన్నటి తెల్ల దుమ్ము ఇళ్లలోకి ఎలా వస్తుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అది హీట్‌సింక్ రెక్కల మధ్య దుప్పటిలా పేరుకుంటే గాలి ఆడదు. రెండేళ్లుగా విప్పని పీసీకి ఒక్క క్లీనింగ్‌తోనే వేడి బాగా దిగుతుంది. ఓవర్‌క్లాకింగ్ కంటే ముందు దొరికే లాభం ఇదే.

మెయిన్ ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి. పంక్చర్ షాపులో గాలి కొట్టించేవాళ్లు కొందరుంటారు. ఆ కంప్రెసర్ గాలిలో నీటి తుంపరలు ఉంటాయి, ఒత్తిడి కూడా ఎక్కువ. వద్దు. హీట్‌సింక్ కింద ఉండే థర్మల్ పేస్ట్ మూడు నాలుగేళ్లలో ఎండిపోయి గట్టిపడుతుంది. పాతది తుడిచేసి బఠాణీ గింజంత కొత్తది పెడితే సరిపోతుంది.

ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చే చిన్న కూలర్‌తో ఓవర్‌క్లాకింగ్ జోలికి వెళ్లొద్దు. నాలుగు రాగి గొట్టాలున్న టవర్ కూలర్, క్యాబినెట్ ముందు ఒక ఫ్యాన్, వెనక ఒక ఫ్యాన్ ఉండాలి. అన్నట్టు, కూలర్ అంటే గదిలో పెట్టే నీళ్ల కూలర్ కాదు! దాన్ని సరాసరి తెరిచిన క్యాబినెట్ వైపు తిప్పేవాళ్లూ ఉన్నారు. గది చల్లబడటం మంచిదే. కానీ ఆ తడిగాలి నేరుగా బోర్డు మీద పడితే దుమ్ముతో కలిసి తుప్పుకి దారి తీస్తుంది.

కరెంటు పోతే?

మల్టిప్లయర్ మార్చేటప్పుడు కరెంటు పోతే ఏం కాదు. బయాస్ అప్‌డేట్ చేసేటప్పుడు పోతే మాత్రం బోర్డే మూలకు చేరొచ్చు. యూపీఎస్ లేకుండా బయాస్ అప్‌డేట్ పెట్టుకోవద్దు. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్ మామూలుగా 360 వాట్ల వరకే మోస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న పీసీకి ఫుల్ లోడ్ టెస్ట్ పెడితే, కరెంటు పోయిన క్షణంలో అది చేతులెత్తేసే అవకాశం ఉంది.

ఇనుప క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటోందా? ఇంట్లో ఎర్త్ సరిగ్గా లేదన్నమాట. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అది చూపించుకోండి. పేరు లేని చవక పవర్ సప్లై ఉన్నా ఓవర్‌క్లాకింగ్ ఆలోచన మానుకోవాల్సిందే.

బయాస్‌లోకి వెళ్లేముందు ఇంకో రెండు పనులు. ఒకటి, ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవడం. రెండు, విండోస్ 11 వాడుతుంటే బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టుకోవడం. బయాస్ మార్పుల తర్వాత ఒక్కోసారి విండోస్ ఆ కీ అడుగుతుంది. లేకపోతే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు.

మొదట ర్యామ్ చూడండి

ఇది చాలామంది మర్చిపోయేది. 3200 అని డబ్బా మీద రాసి ఉన్న ర్యామ్ కొని, అది 2133 లేదా 2666 స్పీడ్‌లో నడుస్తున్న పీసీలు కోకొల్లలు. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అనే ప్రొఫైల్ ఆన్ చేస్తేనే రాసి ఉన్న స్పీడ్ వస్తుంది. కొత్త డీడీఆర్5 ఏఎండీ పీసీల్లో దాని పేరు ఎక్స్‌పో. సాంకేతికంగా ఇది కూడా ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తుంది. కానీ రిస్క్ తక్కువ, ప్రాసెసర్ వేడి పెద్దగా పెరగదు, ఫలితం కళ్లకు కనిపిస్తుంది. ఆన్ చేశాక మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా నడిపి ఒక్క ఎర్రర్ కూడా లేదని చూసుకోండి. ర్యామ్ తడబడితే ఒక్కోసారి పీసీ ఆగకుండానే ఫైళ్లు చడీచప్పుడు లేకుండా పాడవొచ్చు. పెళ్లి వీడియో చేసేవాళ్లకు అంతకంటే పీడకల ఉండదు. మంగళసూత్రధారణ మళ్లీ షూట్ చేయలేం కదా!

ఇక ప్రాసెసర్ దగ్గరికి వద్దాం

ఏమీ మార్చకముందే సినీబెంచ్‌ను అరగంట నడపండి. పక్కనే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఓపెన్ చేసి గరిష్ఠ వేడి, స్పీడ్, వోల్టేజీ చూడండి. స్కోరుతో పాటు అప్పటి గది వేడి కూడా ఒక పుస్తకంలో రాసుకోండి. ఈ టెస్ట్ తెల్లవారుజామున కాదు, మధ్యాహ్నం 3 గంటలకు చేయండి. మామూలు సెట్టింగ్‌లోనే 85 డిగ్రీలు దాటుతుంటే, ఈ ఏడాదికి ఓవర్‌క్లాకింగ్ మర్చిపోయి కూలర్ మీద డబ్బు పెట్టండి.

అంతకంటే తక్కువ ఉంటే ముందుకెళ్లొచ్చు. బయాస్‌లో మల్టిప్లయర్‌ను ఒక్క అంకె మాత్రమే పెంచండి. అంటే 100 మెగాహెర్ట్జ్. సేవ్ చేసి విండోస్‌లోకి వచ్చి సినీబెంచ్ పది నిమిషాలు నడపండి. బాగుంటే ఇంకో అంకె. ఎక్కడో ఒకచోట బ్లూ స్క్రీన్ వస్తుంది, లేదా టెస్ట్ మధ్యలో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఒకటి రెండు అంకెలు వెనక్కి రండి. కొత్తవాళ్లకు అదే గమ్యం.

ఇంకా ముందుకెళ్లాలంటే వోల్టేజీ ముట్టుకోవాలి. ఇక్కడే చేతులు కాల్చుకునేది. ఆటోలో వదిలేస్తే కొన్ని బోర్డులు అవసరానికి మించి వోల్టేజీ పంపిస్తాయి. మీరే స్థిరమైన విలువ ఇచ్చి, 0.01 లేదా 0.02 వోల్ట్‌ల చొప్పున మాత్రమే పెంచండి. రైజెన్ 5000 లాంటి చిప్‌లకు అన్ని కోర్లూ పనిచేసేటప్పుడు 1.25 నుంచి 1.30 దగ్గర ఆగిపోవడం మంచిది. మామూలు సెట్టింగ్‌లో అదే చిప్ అప్పుడప్పుడు 1.4కు పైన చూపిస్తుంది. అది చూసి మోసపోవద్దు. అది ఒకటి రెండు కోర్లకు, తక్కువ కరెంటుతో, క్షణాల పాటు ఇచ్చేది. ఆ అంకెను బయాస్‌లో పర్మనెంట్‌గా పెడితే చిప్ ఆయుష్షు తగ్గించుకున్నట్టే.

వోల్టేజీ ఎంత ప్రమాదమో కంపెనీలకే తెలిసొచ్చింది

వేడిని చిప్ తనే పసిగట్టి తప్పించుకుంటుంది. వోల్టేజీ దెబ్బ అలా కాదు, లోపల నెమ్మదిగా అరగదీస్తుంది. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లలో చాలా వాటికి ఓవర్‌క్లాక్ చేయకుండానే గేములు ఆగిపోవడం, క్రాష్‌లు మొదలయ్యాయి. అవసరానికి మించిన వోల్టేజీయే కారణమని 2024 జులైలో కంపెనీయే ఒప్పుకుంది. ఆగస్టు నుంచి బయాస్ ద్వారా మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది. వారంటీని మరో రెండేళ్లు పెంచింది. అప్పటికే పాడైన చిప్‌లను ఆ అప్‌డేట్ బాగుచేయలేదు, మార్చుకోవాల్సిందే. మీ దగ్గర ఆ తరం చిప్ ఉంటే ఓవర్‌క్లాకింగ్ పక్కన పెట్టి ముందు బయాస్ అప్‌డేట్ చేసుకోండి.

అంతకుముందు 2023 ఏప్రిల్‌లో ఏఎండీ రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు కొన్ని సాకెట్‌లోనే కాలి ఉబ్బిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. బోర్డులు ఎస్‌ఓసీ వోల్టేజీ ఎక్కువ ఇవ్వకుండా 1.3 దగ్గర కళ్లెం వేస్తూ కొత్త బయాస్‌లు విడుదల చేశారు. ఇంత పెద్ద కంపెనీలే పట్టు తప్పిన చోట మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

మన ఎండలకు సరిపోయేది అండర్‌వోల్టింగ్

సూటిగా చెప్పాలంటే అవుకు, నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి చోట్ల కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేర్చుకోవాల్సింది ఇదే. స్పీడ్ పెంచడానికి బదులు వోల్టేజీ కొంచెం తగ్గించడం. కంపెనీ ప్రతి చిప్‌కూ కాస్త ఎక్కువ వోల్టేజీ పెట్టి పంపుతుంది, బలహీనమైన చిప్ కూడా పనిచేయాలి కాబట్టి. మీ చిప్ మంచిదైతే ఆ అదనం అక్కర్లేదు. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది. వేడి తగ్గితే చిప్ తనే ఎక్కువసేపు బూస్ట్‌లో ఉంటుంది.

రైజెన్ 5000, ఆ తర్వాతి తరాల్లో దీనికి కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్ ఉంది. బయాస్‌లో పీబీఓ మెనూలో దొరుకుతుంది. అన్ని కోర్లకూ నెగటివ్ 10తో మొదలుపెట్టి, బాగుంటే 15, 20 అని చూడొచ్చు. ఇంటెల్‌లో వోల్టేజీ ఆఫ్‌సెట్‌ను మైనస్ 0.03 వోల్ట్‌తో మొదలుపెట్టండి. ఎక్కువ తగ్గిస్తే పీసీ హ్యాంగ్ అవుతుందంతే, చిప్‌కు దెబ్బ తగలదు. పైగా స్థిరమైన మాన్యువల్ స్పీడ్ పెట్టినప్పుడు ఒక్క కోర్ మీద నడిచే పనుల్లో బూస్ట్ పోయి పీసీ మెల్లగా అవ్వొచ్చు. ఈ పద్ధతిలో ఆ నష్టం లేదు.

అండర్‌వోల్టింగ్‌లో ఒక చిక్కు ఉంది. లోడ్ టెస్ట్‌లో గంటసేపు బాగానే ఉండి, ఏ పనీ లేనప్పుడు రీస్టార్ట్ అయిపోవచ్చు. అందుకే టెస్ట్ అయ్యాక రెండు మూడు రోజులు మామూలుగా వాడి చూడండి. ఓసీసీటీ ఒక గంట, తర్వాత పాత వీడియో ప్రాజెక్ట్ ఒకటి పూర్తిగా రెండర్. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ అనే పేరుతో ఎర్రర్లు కనిపిస్తే, పైకి అంతా బాగున్నట్టున్నా సెట్టింగ్ నిలబడలేదనే అర్థం. ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. కస్టమర్ వీడియో మీద మాత్రం మొదటి టెస్ట్ చేయకండి.

స్క్రీన్ నల్లగా అయిపోతే కంగారొద్దు

సెట్టింగ్ మార్చాక ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ స్క్రీన్ రాలేదు. చాలా బోర్డులు రెండు మూడు సార్లు తామే ప్రయత్నించి పాత సెట్టింగ్‌కు వచ్చేస్తాయి, కాబట్టి ముందు రెండు మూడు నిమిషాలు ఆగండి. రాకపోతే సీమాస్ క్లియర్ చేయాలి. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి గుండ్రటి బ్యాటరీ ఉంటుంది, దాని నంబర్ సీఆర్2032. దాన్ని బయటకు తీసి పది నిమిషాల తర్వాత మళ్లీ పెట్టండి. బయాస్ మొదటికి వస్తుంది. మీ ఫైళ్లకు ఏమీ కాదు. ఎక్స్‌ఎంపీ, టైమ్, డేట్ మాత్రం మళ్లీ సెట్ చేసుకోవాలి.

ఇంత చేస్తే మిగిలేది ఎంత?

గంట పట్టే రెండర్‌కు ప్రాసెసర్ స్పీడ్ నాలుగున్నర శాతం పెరిగితే, అంతా కలిసొస్తే 57 నిమిషాల్లో అవుతుంది. మూడు నిమిషాలు ఆదా. ఎక్స్‌పోర్ట్ పని గ్రాఫిక్స్ కార్డు మీద జరుగుతుంటే ఆ మూడు నిమిషాలూ కనిపించకపోవచ్చు. అదనంగా 50 వాట్లు వాడుతూ రోజుకు 5 గంటలు నడిస్తే నెలకు ఏడున్నర యూనిట్లు ఎక్కువ. ఇంకా హార్డ్‌డిస్క్ మీదే విండోస్ నడుస్తున్న పీసీకి ఎస్‌ఎస్‌డీ వేస్తే వచ్చే తేడా ముందు ఇదెంత? 8 జీబీ ర్యామ్‌ను 16 చేసినా అంతే.

అయినా నేర్చుకోవాలన్న ఆసక్తి ఉంటే ఆపేవాళ్లెవరూ లేరు, పాత పీసీ ఒకటి ఉంటే దాని మీదే మొదలుపెట్టండి. సెట్టింగ్ కుదిరాక బయాస్ స్క్రీన్‌ను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఇప్పుడు చలికాలంలో చేసినవాళ్లు ఏప్రిల్ రెండో వారంలో ఒకసారి, మే నెలలో ఒకసారి మధ్యాహ్నం పూట అదే అరగంట సినీబెంచ్ మళ్లీ నడపండి. పుస్తకంలో రాసుకున్న స్కోరు కంటే తగ్గిందంటే చిప్ వేడికి వెనక్కి తగ్గుతోందని అర్థం. అప్పుడు మల్టిప్లయర్‌ను రెండు అంకెలు దించి, వానలు పడేదాకా అలాగే వాడుకోవచ్చు.